ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు: మీ ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే బాధ. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లున్నాయి, అన్నిటికీ ఇంటర్నెట్ వస్తోంది, కానీ ఒకదానిలో ఉన్న ఫైలును మరొకదానిలో తెరవడం కుదరడం లేదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఈ గదికీ ఆ గదికీ తిరగవలసి వస్తోందని పలువురు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ ఒక్క విషయానికే కేటాయించాం.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. కింది గదిలో విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్, మేడమీద విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ ఉన్నాయి. రెండింటికీ వైఫై బాగానే అందుతోంది. అయితే ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ అనే చోట నొక్కితే డెస్క్‌టాప్ పేరే కనిపించదు. తెలిసిన కుర్రవాడొకడు ఫైర్‌వాల్ ఆపేసి, ఎస్‌ఎంబీ 1 అనేదాన్ని ఆన్ చేస్తే చాలునన్నాడు. చేయవచ్చునా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

సమాధానం: దయచేసి ఆ రెండు పనులూ చేయకండి. ఫైర్‌వాల్ అంటే బయటివారు మీ కంప్యూటర్‌లోకి చొరబడకుండా కాసే కాపలావాడు వంటిది. ఎందుకు వద్దంటున్నామో ముందు చెప్పి, తరువాత మీ సమస్యకు వస్తాం.

కంప్యూటర్లు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు మాట్లాడుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎమ్ సంస్థలో పుట్టిన ఈ పద్ధతిని తరువాత మైక్రోసాఫ్ట్ తీసుకుని పెంచింది. దానిలో మొదటి రూపమే ఎస్‌ఎంబీ 1. అప్పటి అవసరాలకు అది సరిపోయింది కానీ, ఇంటర్నెట్ మీద దాడులు ఇంతగా పెరుగుతాయని ఊహించి తయారుచేసినది కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు డిమాండు చేసినప్పుడు, అది ఒక యంత్రంనుంచి మరో యంత్రానికి పాకింది ఈ ఎస్‌ఎంబీ 1లో ఉన్న లోపం ద్వారానే. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదలై ఉన్నదన్న సంగతి మరింత బాధ కలిగిస్తుంది. ఆ ఏడాది చివరినుంచి కొత్తగా వేసుకునే విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎంబీ 1ను ముందే ఆపేసి ఇవ్వసాగింది. మీ రెండు యంత్రాలకూ అంతకన్నా కొత్త రూపాలు వచ్చు కాబట్టి పాతదానితో మీకు పనే లేదు. పాత పద్ధతిని ఆన్ చేస్తే కొన్ని ఇళ్ళలో కంప్యూటర్ల పేర్లు నెట్‌వర్క్ జాబితాలో కనబడడం మొదలవుతుంది. ఆ సలహా ఇంకా నోటినోటా తిరుగుతున్నది అందువల్లనే.

ఇప్పుడు మీ సమస్య. పేరు కనిపించకపోవడం వేరు, దారి లేకపోవడం వేరు. ముందుగా దారి ఉందో లేదో చూడండి. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగం తెరిచి, ప్రాపర్టీస్ నొక్కితే ఐపీవీ4 అడ్రస్ అని ఒక అంకెల వరుస కనిపిస్తుంది. ఉదాహరణకు అది 192.168.1.5 అనుకుందాం. ల్యాప్‌టాప్‌లోనూ అలాగే చూసి రెండింటినీ ఒక కాగితం మీద రాసుకోండి. మామూలుగా ఇళ్ళలో మొదటి మూడు అంకెలు ఇంటిపేరు లాంటివి, చివరి అంకె మనిషి పేరు లాంటిది. రెండింటికీ ఇంటిపేరు ఒకటే అయితే అవి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. ఒకదానికి 192.168.1 అనీ, మరొకదానికి 192.168.0 అనీ ఉంటే, చూడడానికి ఒకే ఇంట్లో ఉన్నా అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులలో ఉన్నాయన్నమాట.

మీ ఇంటికి మేడ ఉన్నదని రాశారు కాబట్టి ఈ రెండో సంగతే జరిగి ఉండవచ్చునని మా అనుమానం. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు కింద ఒక పెట్టె బిగిస్తారు. దాని సిగ్నల్ పైకి అందడం లేదని మనం మరో రౌటర్ కొని, కిందినుంచి కేబుల్ లాగి, మేడమీద పెట్టుకుంటాం. ఆ రెండో రౌటర్ తన కింద ఉన్న యంత్రాలకు తానే కొత్త ఇంటిపేరు పెట్టేస్తుంది. ఇంటర్నెట్ రెండుచోట్లా వస్తుంది కనుక తేడా ఎవరికీ తెలియదు. అలాంటి ఇంట్లో మేడమీది యంత్రం కిందిదాన్ని అంకెల చిరునామాతో చేరగలుగుతుంది కానీ, దాని పేరు జాబితాలో కనబడదు. కిందినుంచి పైకైతే దారే ఉండదు. దీనికి మందు రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అనేదాన్ని ఎంచుకోవడం. అప్పుడు అది ఇంటిపేర్లు పెట్టే పని మానేసి, సిగ్నల్ అందించే పనికి పరిమితమవుతుంది. ఆ సౌకర్యం లేని పాత రౌటర్ అయితే, దాని సొంత చిరునామాను కింది పెట్టె వరుసలో ఎవరూ వాడని అంకెకు మార్చి, యంత్రాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ అనేదాన్ని ఆపేసి, వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలోని కేబుల్‌ను తీసి ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. ఈ క్రమంలోనే చేయండి. కేబుల్ ముందుగా మారిస్తే ఇంట్లో రెండు రౌటర్లూ పోటీపడి చిరునామాలు పంచి గందరగోళం చేస్తాయి.

అంకెలు రెండుచోట్లా ఒకే వరుసలో ఉంటే, అప్పుడు చూడవలసింది మీ ఇంటి వైఫైని విండోస్ ఏమని అనుకుంటోందన్నది. పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఎంపికలుంటాయి. పబ్లిక్ అంటే రైల్వేస్టేషన్‌లో కూర్చుని ఎవరో ఇచ్చిన వైఫై వాడుకున్నట్టు; అక్కడ మీ కంప్యూటర్ ఎవరికీ కనబడకుండా దాక్కుంటుంది. విండోస్ 11 కొత్త నెట్‌వర్క్‌ను మొదట పబ్లిక్‌గానే భావిస్తుంది. మీ సొంత ఇల్లు కాబట్టి రెండు యంత్రాల్లోనూ ప్రైవేట్ అని మార్చండి. తరువాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీని, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ను ఆన్ చేయండి. ఇవి ఆన్ చేయగానే ఇంట్లోవారికి అవసరమైన దారిని ఫైర్‌వాల్ తానే తెరుస్తుంది. అందువల్ల ఫైర్‌వాల్‌ను ఆపేయవలసిన అవసరం మీకు ఎప్పటికీ రాదు. మరొక సంగతి: అతిథుల కోసమని గెస్ట్ పేరుతో ఉన్న వైఫైలో మీ యంత్రాల్లో ఏదైనా ఉంటే దాన్ని అసలు వైఫైకి మార్చండి. గెస్ట్ వైఫైలో ఉన్నవారికి ఇంట్లోని మిగతా యంత్రాలు కనబడకుండా చేయడమే దాని పని.

ఇదంతా అయ్యాక డెస్క్‌టాప్‌లో పంచుకోవలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ కింద ఎవరికి చూపాలో ఎంచుకోండి. ఒక్క ఫోల్డర్ చాలు. సీ డ్రైవ్ మొత్తాన్నీ పంచడం మంచిది కాదు. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, పైన చిరునామా రాసే చోట \\192.168.1.5 అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. జాబితాలో పేరు కనిపించినా కనిపించకపోయినా ఇలా తెరుచుకుంటే మీ పని అయినట్టే. ఆ అంకె రేపు మారకుండా ఉండాలంటే రౌటర్‌లో ఆ యంత్రానికి చిరునామాను రిజర్వు చేయవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ డెస్క్‌టాప్‌ను మార్చే ఆలోచన ఉంటే ఆలస్యం చేయవద్దని కూడా చెప్పదలిచాం.

ప్రశ్న: మావారి కంప్యూటర్ నా ల్యాప్‌టాప్‌లో కనిపిస్తోంది. నొక్కగానే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆయన రోజూ వాడే నాలుగంకెల పిన్ కొడితే తప్పంటోంది. పాస్‌వర్డ్ అడగకుండా చేసే ఎంపిక ఒకటి కనిపించింది. దాన్ని ఎంచుకుంటే మేలా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: పిన్ అనేది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి మాత్రమే పనికివచ్చే గుర్తు. అది ఆ యంత్రం దాటి బయటికి రాదు, నెట్‌వర్క్‌లో చెల్లదు. ఇక్కడ అడుగుతున్నది ఆ ఖాతా అసలు పాస్‌వర్డ్. ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే పూర్తి ఈమెయిల్ చిరునామా, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ లేకుండా ఖాళీగా ఉంచుకున్న ఖాతా అయితే నెట్‌వర్క్ ద్వారా రావడానికి విండోస్ ఒప్పుకోదు; ఇది చాలామందిని తికమకపెడుతుంది.

మేమైతే ఇంకో మార్గం సూచిస్తాం. ఆయన కంప్యూటర్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ విభాగానికి వెళ్ళి, మైక్రోసాఫ్ట్ ఖాతా లేని ఒక స్థానిక ఖాతాను కేవలం ఫైళ్ళ కోసం సృష్టించండి. దానికి మంచి పాస్‌వర్డ్ పెట్టి, పంచుకునే ఫోల్డర్‌కు ఆ ఖాతాకు అనుమతి ఇవ్వండి. మీ ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి ఆ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి గుర్తుంచుకోమని టిక్కు పెడితే మళ్ళీ అడగదు. ఆయన ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంట్లో అన్ని యంత్రాల్లోనూ నిలవ ఉండే ప్రమాదమూ తప్పుతుంది. ఇంతకుముందు తప్పు పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పాత నమోదును తీసేసి, ఒకసారి కంప్యూటర్ ఆపి తిరిగి ఆన్ చేయండి.

పాస్‌వర్డ్ అడగకుండా చేసే ఎంపిక జోలికి వెళ్ళకండి. మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన బంధువులు, పక్కింటి పిల్లలు, టీవీ బాగుచేయడానికి వచ్చినవారు, వారందరి ఫోన్లూ అప్పుడు ఆ ఫోల్డర్‌లోకి రాగలుగుతాయి. పైగా 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో వంటి కొత్త కూర్పులు పాస్‌వర్డ్ లేని ఇలాంటి అతిథి ప్రవేశాన్ని తామే నిరాకరిస్తున్నాయి.

లోపలికి వెళ్ళాక ఫైలు తెరుచుకుంటుంది కానీ సేవ్ కావడం లేదని మీరు మళ్ళీ రాయకుండా ఒక మాట. ఫోల్డర్‌కు రెండంచెల అనుమతులుంటాయి: ఒకటి వీధి గేటు వంటి షేరింగ్ అనుమతి, రెండోది ఇంటి తలుపు వంటి సెక్యూరిటీ అనుమతి. గేటు తెరిచి ఉన్నా తలుపు వేసి ఉంటే లోపలికి పోలేం కదా. అలాగే రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది.

ప్రశ్న: ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖల ఫైళ్ళన్నీ ఒక కంప్యూటర్‌లో పెట్టి రెండోదానిలో మా తమ్ముడు తెరుస్తున్నాడు. పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకుంటోంది గానీ తెలుగు స్థానంలో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. నెట్‌వర్క్‌లో వచ్చేటప్పుడు ఫైలు పాడవుతోందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

సమాధానం: ఫైలు పాడవడం లేదు, దానితోపాటు రావలసిన ఫాంటు రావడం లేదు. మీరు వాడే అను వంటి పాత తెలుగు ఫాంట్లు, ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతిలో పనిచేయవు. ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, చిహ్నాల సంకేతాలే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు ఊడిపోయి సంకేతాలే కనిపిస్తాయి. ఫోల్డర్ పంచుకున్నంత మాత్రాన ఫాంట్లు పంచుకున్నట్టు కాదు. కాబట్టి అదే ఫాంట్ల సెట్టును, అదే కూర్పును, రెండో కంప్యూటర్‌లో విడిగా వేసుకోవాలి. మ్యాటర్‌ను యూనికోడ్‌లో టైప్ చేసుకుంటే ఏ యంత్రంలోనైనా చదవగలరు కానీ, పాత పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. ఆ మార్పు చేసుకోవాలంటే సాఫ్ట్‌వేర్‌నూ మార్చుకోవలసిందే.

మరొక జాగ్రత్త. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోనే నేరుగా ఫైలు తెరిచి పనిచేస్తుండగా కరెంటు పోయి, మొదటి కంప్యూటర్ యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, ఆ క్షణంలో సేవ్ అవుతున్న ఫైలు చెడిపోవచ్చు. ముహూర్తాల రోజుల్లో ఇది ఎంత నష్టమో మీకు చెప్పనక్కరలేదు. ఫైలును రెండో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పని ముగించి, తిరిగి కాపీ చేయడమే క్షేమం. ఇద్దరూ ఒకే ఫైలు మీద పనిచేయకుండా పేరు చివర తేదీ, చేసినవారి పేరులో మొదటి అక్షరం చేర్చే అలవాటు పెట్టుకోండి. వర్డ్, ఎక్సెల్ ఒకరు తెరిచిన ఫైలును రెండోవారికి చదవడానికి మాత్రమే ఇస్తాయి గానీ, అన్ని ప్రోగ్రాములూ అంత జాగ్రత్త తీసుకోవు.

ప్రశ్న: పెళ్ళి వీడియో 50 జీబీ. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కు పంపడానికి గంటల తరబడి పడుతోంది. ఇంటర్నెట్ ప్లాన్ 40 ఎంబీపీఎస్ నుంచి 100కు పెంచినా ఫలితం లేదు. (ఒక పాఠకుడు, నిజామాబాద్)

సమాధానం: మీ ఇంట్లో ఒక గదినుంచి మరో గదికి వెళ్ళే ఫైలు ఇంటర్నెట్‌లోకి పోదు. రౌటర్ దగ్గరే మలుపు తిరిగి వస్తుంది. అందువల్ల ప్లాన్ పెంచినా తగ్గించినా తేడా రాదు, మీ డేటా ఖర్చు కాదు, ఇంటర్నెట్ పోయిన రోజున కూడా ఈ పని ఆగదు.

వేగాన్ని నిర్ణయించేది మధ్యలో ఉన్న దారి. రెండు యంత్రాలూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: డెస్క్‌టాప్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు. ఒకే గాలిని రెండు ప్రయాణాలూ పంచుకోవడంతో వేగం సగానికి పడిపోతుంది. కనీసం డెస్క్‌టాప్‌నైనా కేబుల్‌తో రౌటర్‌కు కలపండి.

రెండు యంత్రాలకూ కేబుల్ కలిపితే లెక్క ఇలా ఉంటుంది. ఎంబీపీఎస్ అన్నది బిట్లలో చెప్పే వేగం, ఫైలు పరిమాణం బైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ కేబుల్ దారిలో సెకనుకు 11, 12 మెగాబైట్లకు మించి రావు కాబట్టి మీ 50 జీబీకి గంటా పది, పదిహేను నిమిషాలు పడుతుంది. గిగాబిట్ దారిలో సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వస్తాయి. అదే వీడియో 8 నిమిషాల్లో చేరుతుంది, రెండువైపులా డిస్కులు అంత వేగాన్ని తట్టుకోగలిగితే. గిగాబిట్ రావాలంటే కేబుల్‌లోని ఎనిమిది తీగలూ సరిగా కలవాలి. ఎలుకలు కొరికినా, బిగించినవారు నాలుగు తీగలతో సరిపెట్టినా వేగం 100కు దిగిపోతుంది. సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ అని ఉన్నచోట 100 అని ఉందా, 1000 అని ఉందా చూడండి. కొన్ని ఫైబర్ పెట్టెల్లో ఒక రంధ్రమే గిగాబిట్, రెండోది 100 మాత్రమే. రంధ్రం మార్చి చూస్తే ఒక్క పైసా ఖర్చులేకుండా సమస్య తీరవచ్చు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్, మా అబ్బాయిది మ్యాక్. విండోస్‌తో ఇవి కలుస్తాయా? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: చక్కగా కలుస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్‌కు ఎస్‌ఎంబీ భాష నేర్పింది. ఆ భాష పేరులోని మూడు అక్షరాలూ వచ్చే మాట కోసం పదాల జాబితాలో వెతికితే దొరికిన పేరే సాంబా. ఉబుంటులో ఫోల్డర్‌ను పంచేటప్పుడు మీ లాగిన్ పాస్‌వర్డ్ కాక సాంబాకు వేరే పాస్‌వర్డ్ పెట్టవలసి ఉంటుందని గుర్తుంచుకోండి. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. మ్యాక్ 2013 నుంచి ఎస్‌ఎంబీనే ప్రధానంగా వాడుతోంది. ఫైల్ షేరింగ్ ఆన్ చేశాక, అక్కడి ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ అబ్బాయి ఖాతా ఎదుట టిక్కు పెట్టాలి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. తెనాలిలో మా నాన్నగారి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ఇక్కడినుంచి తెరవాలని ఉంది. రౌటర్‌లో 445 పోర్టు తెరవమని ఒక వీడియోలో చెప్పారు. (ఒక పాఠకుడు, డాలస్)

సమాధానం: పోర్టు అంటే బయటినుంచి లోపలికి వచ్చే తలుపు లాంటిది. ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. ఎస్‌ఎంబీ వాడేది ఆ 445 పోర్టునే, దాడి చేసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ వెతికేదీ దాన్నే. పైగా మన దేశంలో చాలా కంపెనీలు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్ళకు పంచి ఇస్తాయి కనుక, తెరిచినా మీకు దారి దొరకకపోవచ్చు. ఇంటర్నెట్ మీదుగా సొంత రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ పద్ధతిని రెండు కంప్యూటర్లలోనూ పెట్టుకుంటే, సముద్రాల అవతల ఉన్నా రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ప్రవర్తిస్తాయి, మధ్యలో ఎవరూ చదవలేరు. అయితే నాన్నగారి కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, నిద్రలోకి జారకూడదు. మీ కోసం ఆయన రాత్రంతా యంత్రం నడపవలసి వస్తుందంటే, కావలసిన నాలుగు ఫోటోలను క్లౌడ్‌లో పెట్టించుకోవడమే ఆయనకు సుఖం.

ప్రశ్న: పంచుకున్న ఫోల్డర్‌లో మా అమ్మ ఫోటోలున్నాయి. మనవడు తన ల్యాప్‌టాప్‌లోంచి పొరపాటున తీసేశాడు. రెండు కంప్యూటర్ల రీసైకిల్ బిన్‌లలోనూ లేవు. ఎక్కడికి పోయాయి? (ఒక పాఠకురాలు, విజయనగరం)

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాం. నెట్‌వర్క్ ద్వారా తీసేసిన ఫైళ్ళు ఏ రీసైకిల్ బిన్‌లోకీ వెళ్ళవు, నేరుగా చెరిగిపోతాయి. విండోస్ ఒక చిన్న హెచ్చరిక చూపిస్తుంది గానీ, పిల్లలు దాన్ని చదవకుండానే యెస్ (అవును) అని నొక్కేస్తారు. తప్పు మనవడిది కాదు, అతనికి అంత అధికారం ఇచ్చిన అమరికది.

ముందు ఆ ఫోటోలున్న కంప్యూటర్‌ను వాడడం ఆపేయండి. అది పాత రకం హార్డ్‌డిస్కు అయితే, చెరిపిన సమాచారం మీద కొత్తది రాయనంతవరకు తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. రికవరీ ప్రోగ్రామును అదే డిస్కులోకి దింపకండి; డిస్కును బయటికి తీసి మరో యంత్రానికి కలిపి వెతకాలి. అది తిరిగే పళ్ళెం లేని కొత్త రకం ఎస్‌ఎస్‌డీ డిస్కు అయితే చెరిపిన చోటును యంత్రమే త్వరగా శుభ్రం చేసుకుంటుంది కనుక ఆశ తక్కువ. ఫైళ్ళ పాత ప్రతులను దాచే ఫైల్ హిస్టరీ ఎప్పుడైనా ఆన్ చేసి ఉంటే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ కూడా చూడండి. ఆ ఫోటోలను మీరు గతంలో వాట్సాప్‌లో ఎవరికైనా పంపి ఉంటే, అక్కాచెల్లెళ్ళను, పిన్ని పిల్లలను అడగండి. నాణ్యత తగ్గినా ముఖాలు దొరుకుతాయి.

ఇకముందు ఫోటోల ఫోల్డర్‌కు మీ ఒక్క ఖాతాకే మార్చే అధికారం ఉంచి, మిగతా అందరికీ రీడ్ అనుమతి మాత్రమే ఇవ్వండి. చూడగలరు, కాపీ చేసుకోగలరు, చెరపలేరు. నెలకొకసారి అన్ని ఫోటోలనూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్కును వైరస్ కూడా చేరుకోగలదు కనుక, కాపీ పూర్తి కాగానే ఆ డిస్కును ఊడదీసి, పైన తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టుకోండి.